సీసాలు వెనక్కి పంపించు

క్రెమెన్‌చుక్,
22 సెప్టెంబరు 2024

యారింకా తల్లీ,

ఫోన్‌లో మాట్లాడితే మనిద్దరం "బాగున్నావా, బాగున్నాను" దగ్గరే ఆగిపోతాం. ఆ లోపు కరెంటు పోతుంది, సిగ్నల్ పోతుంది. అందుకే సీసాలతో పాటు కాగితం కూడా పెడుతున్నాను. మార్కో మామయ్య ఎలాగూ పదిహేను రోజులకోసారి పోజ్నాన్ వస్తున్నాడు. అరవై దాటాడు, యుద్ధానికి పిలిచే వయసు కాదు కాబట్టి సరిహద్దులో ఆపరు. వ్యాన్ నిండా మన ఊరి అమ్మల సీసాలేనట. "గుంత వచ్చినప్పుడల్లా బండి పెళ్ళివారి బండిలా మోగుతోంది చెల్లెమ్మా" అంటున్నాడు.

ఈసారి పంపినవి ఊరేసిన దోసకాయలు, టొమాటో వేసి ఉడికించిన మిరపకాయలు, ప్లమ్ పళ్ళ జామ్. దోసకాయల్లో సోయకూర కాడలు ఎక్కువ వేశాను. ముందు ఆ సీసాయే తెరువు, దాని మూత మీద నాకు కొంచెం అనుమానం. ఎప్పటిలాగే తలకిందులుగా గుడ్డ మీద బోర్లించి తెల్లవార్లూ ఉంచాను. ఒక్క చుక్క కారలేదు. అయినా అనుమానం అనుమానమే.

తిన్నాక సీసాలూ మూతలూ కడిగి మార్కోకి ఇవ్వు. ఎవరైనా ఏదైనా పెట్టి ఇచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని మీ నాన్నమ్మ పట్టింపు. నాకు ఆ పట్టింపులు లేవు. ఖాళీగానే పంపు, కానీ పంపు.

మీ నాన్న నుంచి నిన్న ప్లస్ గుర్తు వచ్చింది. అంతే. యుద్ధరంగంలో అందరూ ఇళ్ళకు ఫోన్‌లో అదే పంపుతారట, "ఉన్నాను" అని. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన అంతకంటే పెద్ద ఉత్తరం రాసిందెప్పుడు కనుక?

నాన్నమ్మ బాగానే ఉంది. సైరన్ మోగితే కిందికి రాదు. నడవాలో రెండు గోడల మధ్య స్టూలు వేసుకుని కూర్చుంటుంది. "ఏడంతస్తులు దిగేసరికి యుద్ధమే అయిపోతుందే జోయా, నువ్వు దిగు" అంటుంది. నేనూ దిగను.

వచ్చే నెల చలిగాలి రాకుండా కిటికీలు బిగించాలి. ప్రతి ఏడూ నువ్వు నిచ్చెన పట్టుకునేదానివి, నేను పైనుంచి తిట్టేదాన్ని. ఈసారి సందుల్లో దూది కూరడానికీ, సబ్బు రాసిన గుడ్డ పేలికలు అంటించడానికీ నేనొక్కదాన్నే. తిట్టించుకోవడానికి ఎవరూ లేరు.

లాండ్రీలో సాయంత్రం షిఫ్టు మానేశావని మార్కో చెప్పాడు. ఒంట్లో బాగాలేదా? పని మానితే దానికో కారణం ఉండాలి. రాయి.

అమ్మ


పోజ్నాన్,
8 అక్టోబరు 2024

అమ్మా,

నాకేం జబ్బు లేదు. మార్కో మామయ్య నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలుసు కానీ, ఇంత త్వరగా చెప్పేస్తాడనుకోలేదు.

సాయంత్రాలు చదువుకుంటున్నాను. కంప్యూటర్ ప్రోగ్రాములు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసే పని, టెస్టింగ్ అంటారు. నాలాగా ఇల్లు వదిలి వచ్చిన ఆడపిల్లలకు ఇక్కడ ఒక సంఘం నేర్పిస్తోంది. నీకు చెప్పకపోవడానికి కారణం నువ్వే. పని కాకముందే చెప్పుకుంటే దిష్టి తగులుతుందని చిన్నప్పటి నుంచీ నువ్వే కదా నా నోరు నొక్కింది.

ఎవరో తయారుచేసిన ప్రోగ్రాం నా ముందు పెడతారు. నేను దాన్ని చెడగొట్టాలని చూడాలి. పేరు రాయమన్న చోట అంకెలు కొట్టాలి, ఒక్కసారి నొక్కమన్న మీట పదిసార్లు నొక్కాలి. విరిగితే మూడు ముక్కల్లో రాయాలి: ఏం చేశాను, ఏం జరగాలి, ఏం జరిగింది. మా పంతులమ్మ దోరోతా గారు మొదటి రోజు నేను రాసింది చూసి, "ఇందులో నీ బాధ ఎక్కువుంది, విరిగిన చోటు తక్కువుంది. బాధ తీసెయ్" అన్నారు. తీసేశాను. ఒక్క వాక్యం మిగిలింది.

పొద్దున హోటల్ దుప్పట్లు మడతపెడతాను. మధ్యాహ్నానికి భుజాలు పోతాయి. సాయంత్రం మా నలుగురి గదిలో ఇస్త్రీ బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని నిలబడి చదువుతాను. కూర్చుంటే నిద్ర వచ్చేస్తుంది. మన ఊళ్ళో సగంలో వదిలేసిన ఆ రొట్టెలు చేసే చదువు ఇక్కడెవరికీ అక్కర్లేదు. దుప్పట్లు మడతపెట్టడానికి నేను పుట్టలేదని ఒక్కోరోజు ఏడుపొస్తుంది. ఒక్కోరోజు దానికే పుట్టానేమో అనిపిస్తుంది.

దోసకాయలు మూడు రోజుల్లో అయిపోయాయి, గదిలో నలుగురం కదా. మూత బాగానే ఉంది. సీసాలు మాత్రం వీధి చివర పాత గాజు వేసే తొట్టిలో వేసేశాను. ఇక్కడ అంతా అలాగే చేస్తారు. కోప్పడకు. సీసాల కోసం కూడా ఎవరైనా కోప్పడతారా?

యారీనా


క్రెమెన్‌చుక్,
3 నవంబరు 2024

యారీనా,

తొట్టిలో వేశావా? మూతలతో సహానా?

ఇకమీద ఒక్క సీసా పారేయకు. మీ గదిలో అమ్మాయిల దగ్గర ఖాళీవి ఉంటే అవీ అడుగు. చిన్నవి, పెద్దవి, కడగనివి, ఏవైనా సరే. మార్కో వచ్చినప్పుడు ఉన్నవి ఉన్నట్టు ఇచ్చెయ్. సరదాకి రాయడం లేదు.

పోయినసారి ఉత్తరం రాయలేకపోయాను, పనులు తెమల్లేదు. క్యారెట్లు కొని ఇసుకలో పాతిపెట్టాను. బొంతలు దులిపి ఎండేశాను. నాన్నమ్మ కోటుకి కొత్త లైనింగు వేశాను. చిన్న గ్యాస్ పొయ్యి ఒకటి కొన్నాను, కరెంటు లేనప్పుడు టీకి. క్యాబేజీ ఈసారి బకెట్లో ఊరబెట్టాను, రుచి ఏం తేడా లేదు. నీ గదిలో జెరేనియం మొక్క బాగుంది. ఇప్పుడు నీకు పంపడానికి ఏవీ లేవు. ఉన్నా మార్కో వ్యాన్‌లో చోటు లేదట.

నీ కొత్త పని గురించి నాన్నమ్మకు చెప్పాను. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇతరుల పనిలో తప్పులు పట్టడం, దానికి జీతం కూడా ఇస్తారు అన్నాను. "అలాంటి ఉద్యోగం ఉందని నాకెవరూ చెప్పలేదేమే?" అంది. నీకు ఆ కళ ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా.

నా మాట అడిగితే, కరెంటు మీద ఆధారపడిన పని నాకు భయం. దుప్పటి మడతపెట్టడానికి కరెంటు అక్కర్లేదు. చదువుకో, నేను వద్దనను. కానీ లాండ్రీ మానకు. క్రిస్మస్‌కి వస్తానని ఫోన్‌లో అన్నావు. రావొద్దు. దారులు బాగాలేవు, ఇక్కడ చూడ్డానికి ఏమీ లేదు. ఉన్నచోటే ఉండు.

సీసాలు మర్చిపోకు.

అమ్మ


పోజ్నాన్,
18 నవంబరు 2024

అమ్మా,

నీ ఉత్తరం రెండు వారాలుగా దిండు కింద ఉంది. జవాబు రాయబుద్ధి కాలేదు.

ఇంటికి రావొద్దు, సీసాలు మాత్రం రావాలి. నాకు అర్థమైంది అంతే. జనం తలదాచుకోవడానికి చోటు లేక ఏడుస్తుంటే నీకు మూతల గొడవ. చిన్నప్పుడు గ్లాసు పగలగొడితే నా వేలు తెగిందా అని చూసేముందు గ్లాసు ఏదని చూసేదానివి. ఇప్పుడూ అంతే.

ఇంకో సంగతి. నీకు చెప్పకూడదనుకున్నాను, ఇప్పుడు కోపంలో ఉన్నాను కాబట్టి చెప్తున్నాను. అక్టోబరులో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది. తప్పాను. పోలిష్‌లో ఒక మాట బదులు ఇంకో మాట చెప్పాను. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే దుప్పట్లు మడతపెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

19 నవంబరు

నిన్న ఇక్కడిదాకా రాసి ఆపాను. రాత్రి నీ ఉత్తరం మళ్ళీ చదివాను. దోరోతా గారు ఒక మాట అంటూ ఉంటారు: ఉన్నదాంట్లో తప్పు ఎవరైనా పడతారు, ఉండాల్సింది లేకపోతే పట్టుకోవడమే మన పని అని.

క్యారెట్లు రాశావు. బొంతలు, కోటు, పొయ్యి, క్యాబేజీ రాశావు. అమ్మా, కిటికీలు ఏవి? నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ప్రతి అక్టోబరులో మన ఇంట్లో కిటికీల గోల తప్ప ఇంకో మాట ఉండేది కాదు. దూది ఖరీదు, సబ్బు గుడ్డలు, నీ నడుము నొప్పి. ఈసారి ఒక్క ముక్క లేదు.

అందుకే పొద్దున ఫోన్ చేశాను. కిటికీలు బిగించావా అంటే "ఆ, ఎప్పుడో అయిపోయింది" అన్నావు. వెనక నుంచి నాన్నమ్మ, "కిటికీలా? ఏ కిటికీలే?" అంది. నువ్వు ఫోన్ పెట్టేశావు.

ఇప్పుడే మార్కో మామయ్యను పట్టుకున్నాను. ఒట్టు వేయించుకున్నావట, నోరు విప్పలేదు. మొదటిసారి! పోయినసారి వ్యాన్ మాత్రం సగం ఖాళీగానే వచ్చిందని ఒప్పుకున్నాడు.

డిసెంబరు నాలుగున తిరుగు వ్యాన్‌లో సీటు చెప్పుకున్నాను. తొమ్మిదిన ఇంకో ఇంటర్వ్యూ ఉంది, కొంచెం పెద్ద కంపెనీ, దోరోతా గారు బతిమాలి పెట్టించారు. పోతే పోనీ. నేను వస్తున్నాను.

యారీనా


క్రెమెన్‌చుక్,
1 డిసెంబరు 2024

నా బంగారు తల్లీ,

ఈ కాగితం నీ చేతికి ఇచ్చాకే నిన్ను బండి ఎక్కనివ్వమని మార్కోకి చెప్పాను. ఫోన్‌లో నీ గొంతు వింటే నేను మళ్ళీ "బాగున్నాం" అనేస్తాను.

నువ్వు చెప్పిన మూడు ముక్కల్లోనే రాస్తాను. లేకపోతే నా వల్ల కాదు.

ఏం చేశాను: అక్టోబరు పదిహేడున సైరన్ మోగితే మీ నాన్నమ్మను నడవాలోకి తీసుకెళ్ళి, నేనూ పక్కన కూర్చున్నాను. ఏం జరగాలి: ఏమీ జరగకూడదు. ఏం జరిగింది: బాంబు వీధి అవతల పడింది. అటు వైపు కిటికీలన్నీ చట్రాలతో సహా లోపలికి వచ్చిపడ్డాయి.

మాకు దెబ్బలు లేవు. ఇది నిజం. నాన్నమ్మ చెయ్యి కొంచెం గీరుకుంది, మానిపోయింది.

బాల్కనీ అరల్లో సీసాలు ఒక్కటీ మిగల్లేదు. వేసవి అంతా చేసిన పని, యారింకా. టొమాటోలు, చెర్రీలు, దోసకాయలు, ఎవరెవరికి ఏవి పంపాలో పేర్లు రాసి అంటించినవి, అన్నీ గాజుముక్కలతో కలిసి నేల మీద ఒక్కటే ముద్ద. కింది అంతస్తు వెరోనికా పరిగెత్తుకొచ్చి గడపలో కెవ్వుమంది. నాన్నమ్మ స్టూలు మీద నుంచి లేవకుండానే, "అరవకే, రక్తం కాదు, టొమాటో. ఉప్పు కూడా సరిపోయింది" అంది. అప్పుడు నవ్వాను. తర్వాత చీపురు పట్టుకుని కూర్చుండిపోయాను. గాజు కలిసినది కాకులకు కూడా పెట్టలేం. అంతా ఊడ్చి పారేశాను. జామ్ జిగురు చెప్పులకు వారం దాకా వదల్లేదు.

నువ్వు సీసాలు తొట్టిలో వేశానన్న ఉత్తరం అంతకు ముందే వచ్చింది. ఆ సాయంత్రం మళ్ళీ తీసి చదివాను. నీ మీద కోపం కాదు తల్లీ. బజార్లో బీట్‌రూటు చవగ్గా ఉంది, చలికాలానికి మళ్ళీ ఏదో ఒకటి చేసి దాచుకోవాలి. ఊళ్ళో అందరి సీసాలూ అలాగే పోయాయి, ఖాళీ సీసా దొరకడం లేదు. సీసాలు అడిగితే నీకేమీ తెలియదనుకున్నాను. కిటికీల గురించి రాయకపోతే తెలిసిపోతుందని మాత్రం తోచలేదు. నీ మొక్క కూడా పోయింది. అది అబద్ధం చెప్పాను.

కిటికీలకు చెక్క పలకలు కొట్టి వెళ్ళారు. నీ గదిలో పగలు కూడా చీకటి. మేం వంటింట్లోనే పడుకుంటున్నాం. నాన్నమ్మ గురక పెడుతుంది. నేనే పెడతానని ఆవిడ అంటుంది.

ఇప్పుడు అసలు మాట. రావొద్దని అనను. సీటు నేను వద్దని చెప్పించలేదు, నువ్వు పెద్దదానివి. వస్తే ఏం చేస్తావో మాత్రం ఆలోచించు. నిచ్చెన పట్టుకోవడానికి కిటికీయే లేదు. వంటింట్లో మూడో పరుపు పడుతుంది, నువ్వు నన్ను చూసి, నేను నిన్ను చూసి ఏడుస్తాం. నాన్నమ్మ ఇద్దర్నీ తిడుతుంది. తొమ్మిదో తారీఖు మళ్ళీ రాదు. ఈ ఇంట్లో విరగాల్సినవి విరిగాయి. నీ బతుకు కూడా ఇక్కడే విరిగిందంటే నేను ఊడ్చలేను.

తప్పిన ఇంటర్వ్యూ సంగతి ఒక్కదానివే మోశావు. కిటికీల సంగతి నేనొక్కదాన్నే మోశాను. ఇద్దరం ఇద్దరమే. ఒక ఒప్పందం చేసుకుందాం. ఇకమీద విరిగింది విరిగినట్టు రాసుకుందాం.

కడగని సీసాలైనా సరే అన్నాను చూడు, ఆ ఉత్తరంలో అదొక్కటే నిజం.

అమ్మ


పోజ్నాన్,
17 డిసెంబరు 2024

అమ్మా,

నాలుగో తారీఖు పొద్దున బ్యాగు పట్టుకుని వ్యాన్ దగ్గర నీ ఉత్తరం చదివాను. మార్కో మామయ్య తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "ఎక్కుతావా, దిగుతావా అమ్మాయ్? చలి లోపలికొస్తోంది." నేను ఎక్కనే లేదు, దిగడమేమిటి అన్నాను. "మరి ఆ కాలు?" అన్నాడు. చూస్తే ఒక కాలు బండిలోనే ఉంది. వెనక్కి తీసుకున్నాను. బండి వెళ్ళాక రోడ్డు మీదే కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఒప్పందం ప్రకారం రాస్తున్నాను.

తొమ్మిదిన వెళ్ళాను. ఒక పెద్దావిడ, ఒక కుర్రాడు. మందుల దుకాణాలకు సరుకు పంపే ప్రోగ్రాం వాళ్ళది. ఏదో అడుగుతున్నారు, నేను తడుముకుంటున్నాను. అప్పుడు నా బ్యాగులో సైరన్ మోగింది. మన ఊరి సైరన్. ఇక్కడికొచ్చి ఇంతకాలమైనా ఫోన్లోంచి ఆ హెచ్చరిక యాప్‌ని తీయలేదు నేను. గదిలో ఇద్దరూ అదిరిపడ్డారు. నేను వాళ్ళను ఏమీ అడక్కుండానే నీకు ఫోన్ చేసేశాను. నీకు గుర్తుంది కదా ఏమన్నావో:

"ఎక్కడున్నావే?"

"ఇంటర్వ్యూలో."

"మరి నాకెందుకు చేశావ్? నడవాలోనే ఉన్నాం. నాన్నమ్మ బీట్‌రూటు తొక్క తీస్తోంది. పెట్టెయ్, పెట్టెయ్!"

ఆ పెద్దావిడకు మన భాష సగం తెలిసినట్టుంది. నవ్వు ఆపుకుంటూ మంచినీళ్ళు ఇచ్చింది. తర్వాత "మూత బిగిసిందో లేదో నీకెలా తెలుస్తుంది?" అన్నట్టే ఒక ప్రశ్న వేసింది. అంటే, అన్ని పరీక్షలూ అయిపోయాక కూడా ప్రోగ్రాం మీద ఎప్పుడు నమ్మకం కుదురుతుంది అని. నాకు పుస్తకంలో జవాబు ఒక్కటీ గుర్తురాలేదు. మా అమ్మ మూత బిగించాక సీసాను తలకిందులుగా గుడ్డ మీద పెడుతుంది, తెల్లవార్లూ వదిలేస్తుంది, ఒక్క చుక్క కారకపోయినా అనుమానం అనుమానమే అంటుంది, అని చెప్పాను. కుర్రాడు రాసుకున్నాడు. అది మంచికో చెడుకో తెలియలేదు.

నిన్న ఫోన్ వచ్చింది. జనవరి నుంచి రమ్మన్నారు. మూడు నెలలు చూసి, తర్వాత ఉంచుకోవాలో లేదో చెప్తారట. సంతోషించాలి. నిజం చెప్పాలంటే ఫోన్ పెట్టేసి పడుకుని నిద్రపోయాను. అంత అలసటగా ఉంది.

సీసాలు పంపుతున్నాను. మా గదిలోవి, లాండ్రీలో అమ్మాయిల ఇళ్ళవి. చాలక, ఆ గాజు తొట్టి దగ్గరే రెండు ఆదివారాలు నిలబడి, సీసా వేయడానికి వచ్చిన ప్రతి ఒక్కరినీ "నాకివ్వండి" అని అడిగాను. ఒక ముసలాయన నేను తాగుబోతునేమో అనుకున్నట్టున్నాడు. మా అమ్మకి అని చెబితే ఇంటికి వెళ్ళి ఒక సంచీడు తెచ్చాడు. మూతలన్నీ సరిపోయాయో లేదో ఒక్కొక్కటీ బిగించి చూశాను. నా పనే కదా.

నాన్నమ్మకు చెప్పు, ఖాళీగా పంపడం లేదని. దారిలో పగలకుండా అన్నిట్లో, అన్నిటి మధ్యా దూది కూరాను. నువ్వు కిటికీలకు వాడేదే, పెద్ద కట్ట దొరికింది. కిటికీలు వచ్చినప్పుడు పనికొస్తుంది.

యారింకా


క్రెమెన్‌చుక్,
12 జనవరి 2025

యారింకా తల్లీ,

సీసాలు చేరాయి. ఒక్కటి పగిలింది. లీటరుది, నీలం మూత. ఒప్పందం కాబట్టి రాస్తున్నాను, నువ్వు బాధపడాలని కాదు. దూదిలోనే పగిలింది, ముక్కలు ఏరడం తేలిక. మార్కో మాత్రం ఈసారి బండి అస్సలు మోగలేదని, దారంతా నిద్ర ముంచుకొచ్చిందని సణిగాడు.

సీసాలోంచి దూది లాగుతూ మీ నాన్నమ్మ, "ఇది తినేదా?" అంది. కాదు అత్తయ్యా, అమ్మాయి గిన్నె ఖాళీగా పంపలేదు అన్నాను.  ఆవిడ ఆ దూదిని ఒళ్ళో మడతపెట్టుకుంది. తర్వాత వెళ్ళి వెరోనికాకీ, పై అంతస్తు వాళ్ళకీ, మా మనవరాలికి తప్పులు పట్టే ఉద్యోగం వచ్చిందని చెప్పి వచ్చింది. మూడు నెలలు గడవనివ్వండి, దిష్టి తగులుతుంది అంటే వినదు.

మీ నాన్నకు నీ ఉద్యోగం సంగతి రాశాను. రెండు ప్లస్ గుర్తులు వచ్చాయి. ఇంతవరకూ ఎప్పుడూ రెండు రాలేదు.

పోయిన వారం కిటికీలు పెట్టారు. కొత్తవి, వీటికి దూది అక్కర్లేదని బిగించిన కుర్రాడు చెప్పాడు. అతను వెళ్ళేదాకా ఆగి, అయినా కూరాను. వెరోనికా నిచ్చెన పట్టుకుంది. పరాయి మనిషిని తిట్టలేం కదా, పని త్వరగా అయిపోయింది, ఏం బాగాలేదు. బీట్‌రూటు చేసి నీ సీసాల్లోకి ఎత్తాను. రాత్రంతా బోర్లించి ఉంచాను. ఏదీ కారలేదు. కొన్ని నీకు పంపుతున్నాను.

నువ్వు వేసవిలో వస్తానని ఫోన్‌లో అన్నావు. కొత్త ఉద్యోగం, సెలవు ఇస్తారో లేదో. ఇవ్వకపోతే నాకు ముందే చెప్పు, మంచం సర్దుకుని కూర్చోను.

ఇంకొకటి ఉంది. దీనికి విరిగిన చోటు ఎక్కడో నాకు తెలియడం లేదు, నువ్వే చూసి చెప్పు.

ఏం చేశాను: నిన్న సాయంత్రం కరెంటు వస్తే నీ గదిలో లైటు వేశాను.

ఏం జరగాలి: "కళ్ళలో పడుతోంది, ఆర్పేయమ్మా!" అని నువ్వు అరవాలి.

ఏం జరిగింది: ఎవరూ అరవలేదు. కరెంటు పోయేదాకా అక్కడే నిలబడ్డాను.

అమ్మ